శాలువాలకు టైం ఉంది, కుర్రాళ్ళ కప్పుకు లేదు

మన తెలుగు సంఘం దీపావళి సంబరాల వీడియో వచ్చింది, చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన ఉంది, చిన్నపిల్లల డాన్సులు ఉన్నాయి, దాతల సత్కారం విడతలు విడతలుగా ఉంది. ఈ వేసవిలో కౌంటీ లీగ్ మూడో డివిజన్ గెలిచిన మన కుర్రాళ్ళ సాకర్ జట్టు మాత్రం ఎక్కడా లేదు. ఎడిటింగ్‌లో పోయిందనుకునేరు. అసలు స్టేజీ ఎక్కితే కదా!

జరిగింది చెప్పాల్సిందే, ఎందుకంటే ఆ సమయానికి చాలామంది డిన్నర్ లైన్లో ఉన్నారు. ప్రోగ్రాం షీట్లో వాళ్ళకి ఏడుంపావుకి పది నిమిషాలు కేటాయించారు. ఏడింటికే కుర్తాల మీద జెర్సీలు తొడుక్కుని పక్క కారిడార్లో వరసగా నిలబడ్డారు. ముఖ్య అతిథి హీరోగారి ఫ్లైట్ లేటు. ఆయన వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టాలి కదా, స్పాన్సర్లని పిలవడం మొదలుపెట్టారు. శాలువా, మెమెంటో, ఫొటో. మళ్ళీ శాలువా, మెమెంటో, ఫొటో. ఒక స్పాన్సర్‌గారి వియ్యాలవారితో సహా ఫొటో దిగేసరికి ఎనిమిది దాటింది. గోల్‌కీపర్ అమ్మమ్మగారు ఖమ్మం నుంచి వచ్చి ఉన్నారు. ముందు వరసలో ఫోను ఎత్తి పట్టుకుని, "మావోణ్ణి ఎప్పుడు పిలుస్తరు బిడ్డా?" అని నన్ను అడుగుతూనే ఉన్నారు. కెప్టెన్ వెళ్ళి "అంకుల్, మా టర్న్?" అంటే, "నెక్స్ట్ మీదే నాన్నా" అన్నారు. హీరోగారు దిగాక ఇక నెక్స్ట్ ఏముంటుంది! చివరికి హాలు ఖాళీ చేసే టైం అయిందని ట్రోఫీని భోజనాల దగ్గర, గోంగూర పచ్చడి ట్రే పక్కన, చేతికిచ్చేశారు. చప్పట్లు కొడదామంటే అందరి చేతుల్లో ప్లేట్లు.

"టైం చాలలేదండీ" అన్నారు కమిటీవాళ్ళు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, పైసా తీసుకోకుండా, తిట్లు కూడా తినే మనుషులు. పెద్దమనిషి వచ్చేదాకా ఆగడం మనం ఊళ్ళో పెళ్ళిళ్ళలో నేర్చుకున్న మర్యాద, అదీ పోకూడదు. కాకపోతే టైం చాలనప్పుడల్లా మన కత్తెర ముందు ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి.

సరిగ్గా ఈ సాకే 2023 డిసెంబర్‌లో అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్, మేజర్ లీగ్ సాకర్ కూడా చెప్పింది. మ్యాచ్‌లు ఎక్కువైపోయాయి, చిన్నా పెద్దా జట్లు కలిసి పోటీపడే యూఎస్ ఓపెన్ కప్‌కి ఇక మా రిజర్వు జట్లను పంపుతాం అంది. దేశపు సాకర్ సమాఖ్య ఒప్పుకోలేదు. చివరికి 2024లో ఆ లీగ్ నుంచి ఎనిమిది మొదటి జట్లే ఆడాయి. కప్పు లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీకి వెళ్ళింది, అది వేరే సంగతి.

మన పిల్లల్లో కూడా చాలామందికి ఈ కప్పు గురించి తెలియదు. 1913-14లో నేషనల్ ఛాలెంజ్ కప్ పేరుతో మొదలైంది. స్కాట్లండ్ విస్కీ వ్యాపారి థామస్ డ్యూయర్ ట్రోఫీ ఇచ్చాడు (స్పాన్సర్లంటే నాకు పడదని ఎవరైనా అంటే ఈ ముక్క చూపించండి). మొదటి ఫైనల్లో బ్రూక్లిన్ ఫీల్డ్ క్లబ్ అదే ఊరి సెల్టిక్ జట్టును 2-1తో ఓడించింది. ఆ తర్వాత బెత్లెహెం ఉక్కు కంపెనీ జట్టు ఐదుసార్లు గెలిచింది. ఓడితే ఇంటికే, రెండో అవకాశం లేదు. సమాఖ్యకు అనుబంధంగా ఉన్న లీగ్‌లో ఆడే అమెచ్యూర్ (జీతం లేకుండా ఆడే) జట్టు కూడా పోటీకి దిగొచ్చు.

నన్ను కట్టిపడేసింది అరవైల నుంచి ఎనభైల దాకా విజేతల జాబితా. 1960, 61, 63, 66: ఫిలడెల్ఫియా యుక్రెయినియన్ నేషనల్స్. 1962: న్యూయార్క్ హంగేరియా. 1967 నుంచి 69 వరకు వరసగా గ్రీక్ అమెరికన్ క్లబ్. డెబ్బైల నుంచి లాస్ ఏంజెలెస్ యూదుల జట్టు మక్కబీ ఐదుసార్లు. 1980, 82, 83లో న్యూయార్క్ సైప్రస్‌వాళ్ళ పాన్‌సిప్రియన్ ఫ్రీడమ్స్. వీళ్ళంతా ఎవరు? మనలాగే సంఘాలు పెట్టుకున్నవాళ్ళు. యుక్రెయిన్ వాళ్ళు 1950లో ట్రిజుబ్ అనే క్రీడా సంఘం పెట్టారు, పదేళ్ళకల్లా దేశపు కప్పు చేతికొచ్చింది. ఆ 1960 ఫైనల్లో వాళ్ళు కొట్టిన ఐదు గోల్సూ మైక్ నోహా ఒక్కడివే. యుద్ధాలు తరిమితే వచ్చినవాళ్ళు చాలామంది, చేతిలో డబ్బు లేదు. మనకి అదొక్కటీ దండిగా ఉంది.

సాకర్, అంటే మన ఊళ్ళో ఫుట్‌బాల్, మన ఆట కాదంటారా? 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఎత్తింది హైదరాబాద్ సిటీ పోలీస్. 1950లో డ్యూరండ్ కప్ కూడా వాళ్ళదే. ఆ జట్టును తయారుచేసిన రహీం సాబ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. మేజర్ లీగ్ 1996లో ఈ కప్పులోకి వచ్చాక బయటి జట్టు గెలిచింది ఒక్కసారే, 1999లో రోచెస్టర్. అమెచ్యూర్ల రోజులు పోయాయి. ఇన్సూరెన్స్ ఖర్చు ఉంది, దెబ్బలున్నాయి, కాలేజీ ప్రవేశానికి ఎస్‌ఏటీ పరీక్ష టెన్షన్ ఉంది, శనివారం కూచిపూడి క్లాసు ఉంది. పైగా మనకి క్రికెట్ టోర్నీ ఉండనే ఉంది కదా అంటారు. ఉంది, బాగుంది. కానీ అందులో మనవాళ్ళు మనవాళ్ళతోనే ఆడుకుంటారు, వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళతోనే. కౌంటీ లీగ్‌లో మన పిల్లలు హోండురస్ మేస్త్రీలతో, పోలిష్ పిల్లలతో తలపడ్డారు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళున్నారని వాళ్ళకి తెలిసింది మన కన్వెన్షన్ వల్ల కాదు.

ఇదే కప్పులో 2017లో బాల్టిమోర్ వైపు ఒక మద్యం దుకాణం పేరు పెట్టుకున్న క్రిస్టోస్ ఎఫ్‌సీ అనే అమెచ్యూర్ జట్టు మేజర్ లీగ్ జట్టు డీసీ యునైటెడ్ మీద మొదటి గోల్ కొట్టింది. చివరికి 1-4తో ఓడింది. ఓడినా దేశమంతా వాళ్ళ గురించి మాట్లాడుకుంది. 2012లో అయితే కాలిఫోర్నియా అమెచ్యూర్ కుర్రాళ్ళు, కాల్ ఎఫ్‌సీ, మరో మేజర్ లీగ్ జట్టు పోర్ట్‌లాండ్ టింబర్స్‌ను వాళ్ళ గడ్డ మీదే 1-0తో ఓడించి వచ్చారు. మన సంఘంలోనూ స్టోర్లున్నవాళ్ళు తక్కువేం కాదు.

కమిటీని నేను బతిమాలుకునేది ఇది. జనవరి జనరల్ బాడీ అజెండాలో జట్టుకు ఒక పద్దు పెట్టండి: లీగ్ ఫీజు, ఇన్సూరెన్స్, గ్రౌండ్ అద్దె. హీరోగారి బిజినెస్ క్లాస్ టికెట్‌లో సగం కూడా అవదు. మన లీగ్ సమాఖ్య అనుబంధమో కాదో కనుక్కోండి. అనుబంధమే అయితే వచ్చే శరత్కాలంలో ఓపెన్ కప్ క్వాలిఫయింగ్‌కి పేరు ఇచ్చేద్దాం. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోవచ్చు, ఓడిపోనివ్వండి. ప్రాక్టీసుకి పిల్లల్ని దింపడానికి మినీవ్యాన్లున్న ఇద్దరు ముగ్గురు కావాలి, మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరింటికి. వీలైనవాళ్ళు కార్యదర్శిగారికి ఈ నెలలోనే చెప్పండి.