వేళ్లకు సెలవు లేదు

వారానికి ఏడు రోజులే అన్న ఏర్పాటును ప్రభుత్వం వెంటనే పునఃపరిశీలించాలి. నా లెక్క చూడండి: పరుగుకు మూడు రోజులు, బరువులకు మూడు, బండలెక్కడానికి మూడు. తొమ్మిది తేలింది. ఆఫీసు ఇంకా లెక్కలోకి రానేలేదు. విశ్రాంతి తీసుకున్న రోజే కండ పెరుగుతుందని కోచ్ అంటాడు. సంతోషం. ఆ రోజేదో కూడా ఆయనే చెబితే బాగుండు.

ఇది నా చేతగానితనం కాదు. టోక్యో ఒలింపిక్స్ క్లైంబింగ్‌లో స్పీడ్ (వేగంగా ఎక్కడం), బౌల్డరింగ్ (తాడు లేకుండా పొట్టి గోడ ఎక్కడం), లీడ్ (తాడుతో ఎత్తు గోడ ఎక్కడం) మూడింటినీ ఒకే పోటీలో కుక్కి, ఒక్కొక్కరి ర్యాంకులను గుణించి పతకాలిచ్చారు. 2024లో పారిస్ వచ్చేసరికి స్పీడ్ చేత వేరు కాపురం పెట్టించారు. మూడూ గోడెక్కే పనులే, అయినా ఒక ఇంట్లో ఇమడలేదు. నేనేమో పరుగునూ బార్‌బెల్‌నూ కూడా తెచ్చి అదే ఇంట్లో పెట్టాను.

ఇక రోజూ పంచాయితీయే. పరుగు పెంచిన పిక్కలు హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల మీద ఉత్త లగేజీ. సోమవారం బార్‌బెల్‌ను నేల నుంచి లేపే డెడ్‌లిఫ్ట్ చేస్తే మంగళవారం బండ మీద పిడికిలి బిగియదు. అందరి చాకిరీ వేళ్ల మీదే. బార్ పట్టేవీ అవే, బండ పట్టేవీ అవే, ఆఖరికి పరుగుకు లేసులు కట్టేవీ అవే. కండ గట్టిపడటానికి కొన్ని నెలలు చాలు. కండను ఎముకకు కట్టే స్నాయువుకు రక్తం అందేదే అంతంతమాత్రం, దానికి ఏళ్లు కావాలి. ఈలోగా కండను చూసుకుని ఎగబడ్డామో, ఉంగరం వేలి మొదట్లో టప్‌మని ఓ చప్పుడు. అప్పుడు మాత్రం పరుగుకు కావలసినంత టైము.

"250 కోట్ల ఏళ్ల నాటి రాయి కదా, వచ్చేవారం దాకా ఆగదా?" అంటుంది మా ఆవిడ. రాయి ఆగుతుంది. పక్కన దిగిన జేసీబీ ఆగదనే నా టెన్షన్.

మొన్న శుక్రవారానికి గ్రానైట్ గరుకుకి వేలికొసలు నున్నగా అరిగిపోయాయి. ఆఫీసులో బయోమెట్రిక్ మెషీన్ నా బొటనవేలికి ఎర్ర లైటు వేసింది. చూపుడువేలు పెట్టాను, ఎర్ర లైటే. "కొంచెం తడి చేసి పెట్టండి సార్" అన్నాడు సెక్యూరిటీ అతను. తడి చేసి పదీ పెట్టాను. సాయంత్రానికి హెచ్‌ఆర్ నుంచి మెయిల్: ఆ రోజుకు నన్ను సెలవు కింద రాసుకున్నారట.

మెయిల్ కోచ్‌కు ఫార్వర్డ్ చేశాను.