బ్రెగ్జిట్‌లో లీవ్‌కు ఓటేసినవాళ్లందరినీ ఒకే గాటన కడితే ఎలా?
2016లో బ్రెగ్జిట్‌కు, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని (లీవ్) ఓటేసిన 51.9 శాతం మందీ వలస వచ్చినవాళ్లంటే పడనివాళ్లే అన్నట్టు కొందరు రాస్తుంటారు, నేను ఒప్పుకోను. అప్పట్లో నేను లండన్ పక్కనున్న స్లౌలో ఉండేవాణ్ణి. మనవాళ్లు, పంజాబీలు, పాకిస్తానీలు కిక్కిరిసి ఉండే ఊరు అది, అక్కడ కూడా లీవ్‌కే 54 శాతం పడ్డాయి. ఇంకో తమాషా, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న నాకు కామన్వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) పుణ్యమా అని ఓటు వచ్చింది గానీ, ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న మా పక్కింటి పోలండ్ దంపతులకు మాత్రం లేదు. నేను రిమెయిన్‌కే, అంటే యూనియన్‌లోనే ఉండాలని వేశాను. మా ఇంటి ఓనర్ పంజాబీ పెద్దాయన, ఆయనకు చిన్న రెస్టారెంట్ ఉండేది. జలంధర్ నుంచి తందూరీ వంటవాణ్ణి తెచ్చుకోవాలంటే అప్పట్లో వీసా కోసం ఏడాదికి దాదాపు 30 వేల పౌండ్ల జీతం చూపించాల్సి వచ్చేది. "యూరప్ వాడికి వీసాయే అక్కర్లేదు, నా మనిషికి మాత్రం ఇన్ని కాగితాలా?" అని గొణుక్కుంటూనే వెళ్లి లీవ్‌కు గుద్దేసి వచ్చాడు. యూరప్ తలుపు మూస్తే మనకు తెరుస్తారని ఆ ప్రచారంలో బాగా నమ్మించారు లెండి. కొన్నాళ్లు తెరిచారు కూడా, స్టూడెంట్ వీసాల్లో, ఉద్యోగ వీసాల్లో మనవాళ్లే ముందు వరుసలో ఉన్నారు. తర్వాత 2024 ఏప్రిల్‌లో ఆ జీతం పరిమితిని ఏకంగా 38,700 పౌండ్లకు పెంచారు. ఆ లెక్కన చిన్న హోటల్ వాడు వంటవాణ్ణి తెచ్చుకున్నట్టే! ఆయన చేసింది తప్పు లెక్క అంటే సరే, వలసలంటే పడనివాడు అంటే మాత్రం కుదరదు.