చెల్లింపు గడువు పెంచితే భారం ఎవరి మీద?

పెద్ద కంపెనీ తన సరఫరాదారులకు పంపే మెయిల్ ఎంతో మర్యాదగా ఉంటుంది. వచ్చే నెల నుంచి బిల్లుల చెల్లింపు గడువును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచుతున్నామని, సహకరించాలని రాస్తారు. అందులో బెదిరింపు మాటే ఉండదు. కానీ అమ్మకాల్లో ముప్పావు వంతు ఆ ఒక్క కంపెనీకే చేస్తున్న చిన్న సంస్థకు అది ఆజ్ఞ కిందే లెక్క.

ఒకరి మీద మనకున్న అధికారం వాళ్లు మన మీద ఎంతగా ఆధారపడ్డారన్న దాన్ని బట్టే ఉంటుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ ఎమర్సన్ 1962లోనే తేల్చిచెప్పాడు. అందుకే ఎప్పుడూ కొనేవాడిదే పైచేయి అనుకోనక్కర్లేదు. ఇంకెక్కడా దొరకని విడిభాగం చేసేవాడి దగ్గర ఎంతటి కంపెనీ అయినా వరసలో నిలబడాల్సిందే.

గడువు సంగతే చూడండి. సరుకు చేరిపోయింది, డబ్బు రాలేదు. ఈలోపు జీతాలు, ముడిసరుకు ఖర్చు అమ్మినవాడే భరించాలి. అంటే చిన్న సంస్థ తాను వడ్డీకి తెచ్చి, పెద్ద సంస్థకు వడ్డీ లేని అప్పు ఇస్తోందన్నమాట. ఆ భారం తర్వాతి కొటేషన్‌లో కలుస్తుంది, లేదంటే నాణ్యతలో కోత పడుతుంది. దీన్ని వ్యాపార దక్షత అంటే నాకు మింగుడు పడదు. త్వరగా పాడయ్యే ఆహార సరుకులకు 30 రోజుల్లో చెల్లించాలని యూరోపియన్ యూనియన్ 2019లో నిబంధన తెచ్చింది. బేరసారాలతో తెమిలే వ్యవహారమైతే చట్టం దాకా వచ్చేది కాదు.

టయోటా ధరల దగ్గర మెతక కాదు. తగ్గించమని గట్టిగానే అడుగుతుంది, అయితే తగ్గించే దారి వెతకడానికి తన ఇంజినీర్లనూ సరఫరాదారుల ఫ్యాక్టరీలకు పంపుతుంది. ఆ సంబంధాల విలువ 1997 ఫిబ్రవరి 1న బయటపడింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వును టయోటాకు దాదాపు మొత్తంగా అందిస్తున్న ఐసిన్ సైకీ కర్మాగారం ఆ రోజు తగలబడింది. కార్ల తయారీ ఆగిపోయింది. మిగతా సరఫరాదారులతోపాటు కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా, డబ్బు లెక్కలు తర్వాత చూసుకోవచ్చని ఆ వాల్వుల తయారీకి దిగింది. వారం తిరిగేసరికి ఉత్పత్తి గాడిలో పడింది.

చాలాచోట్ల పర్చేజ్ విభాగాన్ని ఈ ఏడాది ధర ఎంత తగ్గించారన్న ఒక్క అంకెతోనే కొలుస్తారు. బిల్లులు ఎన్ని రోజుల్లో చెల్లించారు, ఎందరు సరఫరాదారులు వదిలిపోయారు అన్న లెక్కలను కూడా యాజమాన్యాలు ఆ రిపోర్టులోనే అడగాలి.