సైకియాట్రిస్టు కావాలంటే ముందు డాక్టరు కావాలి

పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లోనో బ్యాంకులోనో పనిచేసి, ముప్పై దాటాక ‘ఇప్పుడు ఎంబీబీఎస్‌లో చేరి సైకియాట్రిస్టు కావచ్చా?’ అని అడిగేవాళ్లున్నారు. దీన్ని పనిలేని ఆలోచనగా కొట్టిపారేయకూడదు. ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు వచ్చి, డాక్టర్ల చుట్టూ తిరిగి, మంచి వైద్యం ఒక కుటుంబాన్ని ఎలా నిలబెడుతుందో చూసినవాళ్లు కూడా వీళ్లలో ఉంటారు. వాళ్లకు సూటిగా జవాబు చెప్పాలి.

కావచ్చు. నిబంధనల్లో అడ్డు లేదు. 2017లో నీట్‌కు 25 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్లు గరిష్ఠ వయసుగా పెట్టారు. అది కోర్టులకెక్కింది. చివరికి 2022లో ఆ పరిమితి పోయింది. అంతకుముందే, 2020లో, ఒడిశాలో 64 ఏళ్ల రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకరు నీట్ రాసి బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు తెచ్చుకున్నారు. ఇంటర్లో ఎంపీసీ చదివినవాళ్లకు కూడా 2023 నవంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ దారి తెరిచింది. గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చు. పదో తరగతి కాగానే ఎంపీసీయా బైపీసీయా అన్నది పిల్లల్ని అడక్కుండానే తేల్చేసే మన ఇళ్లలో ఇది చిన్న మార్పు కాదు.

అందుకే వయసు గురించి నాకు పేచీ లేదు. నేను అడిగేది వేరు. రేపు సైకియాట్రీ సీటు రాకపోయినా డాక్టరుగా బతకడానికి మీరు సిద్ధమేనా? సిద్ధమైతేనే ఈ దారి పట్టాలని నా అభిప్రాయం. ఎందుకంటే మన దేశంలో ఎవరూ సైకియాట్రీ కోర్సులో నేరుగా చేరరు, ఎంబీబీఎస్‌లో చేరతారు. అయిదున్నరేళ్ల తర్వాత నీట్ పీజీ ర్యాంకు ఏం ఇస్తే అది తీసుకుంటారు. ‘ఈ సబ్జెక్టు కోసమే ఉద్యోగం వదిలి వచ్చాను’ అని చెప్పుకోవడానికి కౌన్సెలింగులో ఏ గడీ ఉండదు. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ సీట్లు ముందు నిండిపోతాయి కాబట్టి సైకియాట్రీకి వాటంత పై ర్యాంకు అక్కర్లేదన్నది నిజమే. అయితే సీట్లూ తక్కువే, అడిగేవాళ్లూ పెరుగుతున్నారు.

లెక్క వేసుకోండి. నీట్ ప్రిపరేషన్‌కు ఒకటి రెండేళ్లు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్‌సర్జన్సీ ఏడాది. పీజీ ప్రవేశ పరీక్షకు మరో ఏడాది పోవచ్చు. ఎండీ మూడేళ్లు. 31వ ఏట మొదలుపెడితే చేతికి ఎండీ పట్టా వచ్చేసరికి 42. ఆ మొదటి మెట్టే ఎంత ఇరుకో చూడండి. 2024లో 23 లక్షల మందికి పైగా నీట్ రాశారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఇంజినీర్లకు ఒక వెసులుబాటు ఉంది. బైపీసీ పిల్లలు భయపడే ఫిజిక్స్ వీళ్లకు అచ్చొచ్చిన సబ్జెక్టు. కానీ 720 మార్కుల్లో 360 బయాలజీవే. అక్కడ తెలివితేటలతో పని జరగదు, పాఠ్యపుస్తకంలో ప్రతి వాక్యం నోటికి రావాలి.

చాలామంది ముందుగా చూసుకోని ఇబ్బంది స్థానికత. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ఇల్లూ పన్నూ ఉన్నా సరే, ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టే తెలంగాణ కన్వీనర్ కోటాలో స్థానికత తేలుతుంది. విజయవాడలో ఇంటర్ చదివి మాదాపూర్‌లో స్థిరపడినవాళ్లు అక్కడ స్థానికేతరులే. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని మనసులో పెట్టుకుని రాసిన ఈ నిబంధన ముప్పై దాటినవాళ్లకు బొత్తిగా అతకదు. ప్రభుత్వ కళాశాలలో సీటొస్తే ఫీజు భారం కాదు. ప్రైవేటులో బీ కేటగిరీ, అంటే యాజమాన్య కోటా అయితే ఏటా పది లక్షలు దాటుతుంది, వదులుకున్న జీతం దానికి అదనం.

ఇక చేరాక జరిగేది. మనసు గురించి నేర్చుకోవాలని వచ్చిన మనిషి మొదటి ఏడాదంతా శవాన్ని కోస్తూ నరాల పేర్లు, కండరాల పేర్లు కంఠస్థం చేస్తాడు. హౌస్‌సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్‌కు పన్నెండు వారాలు, ప్రసూతి విభాగానికి ఏడు, సైకియాట్రీకి రెండు. ఫైనల్ పరీక్షల్లో దానికి విడిగా పేపరు కూడా లేదు, జనరల్ మెడిసిన్లో ఒక ముక్క. ఇంత పెద్ద సమస్యకు ఇంత తక్కువ చోటివ్వడం తప్పు. కానీ మిగతా అయిదేళ్లూ వృథా అనుకుంటే అది అంతకంటే పెద్ద తప్పు.

ఏ పనిమీదా మనసు పోవడం లేదు, ఒంట్లో సత్తువ లేదు అని వచ్చిన మనిషికి థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు. మూడు రోజుల కిందట తాగుడు మానేసి, ఇప్పుడు గోడల మీద పురుగులు పాకుతున్నాయంటూ వణికిపోతున్న మనిషిది డెలీరియం ట్రెమెన్స్, అంటే మద్యం హఠాత్తుగా ఆపడం వల్ల వచ్చే ప్రమాదకరమైన స్థితి, కావచ్చు. దాన్ని గుర్తించకపోతే ప్రాణం పోతుంది. ఉన్నట్టుండి ఎవరినీ గుర్తుపట్టకుండా, అరుస్తూ, బిగుసుకుపోతున్న అమ్మాయిని దయ్యం పట్టిందని తీసుకుపోతారు. అది మెదడు మీదికి సొంత రోగనిరోధక వ్యవస్థే తిరగబడ్డ జబ్బు కావచ్చు. అందులో ఒక ముఖ్యమైన రకాన్ని వైద్యశాస్త్రం స్పష్టంగా గుర్తించింది 2007లోనే. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం ఇవాళ్టికీ, పట్టరాని ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు గొప్ప మందు. కానీ దాని మేలు మోతాదుకూ విష మోతాదుకూ మధ్య దూరం తక్కువ. రక్తంలో దాని స్థాయినీ, మూత్రపిండాలనూ, థైరాయిడ్‌నూ కనిపెట్టుకుని ఉండాలి. తీవ్రమైన మానసిక జబ్బు స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ ఇస్తే తెల్ల రక్తకణాలు లెక్కపెడుతూ ఉండాలి. శరీరం తెలియని మనిషి చేతికి ఈ మందులు ఇవ్వకూడదు.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే తెలంగాణలో ఎందరో వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వచ్చారు. కల్తీ కల్లులో కలిపే ఆల్‌ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులకు వాళ్ల శరీరాలు అలవాటుపడిపోయాయి. ఆ వరసలో నిలబడ్డ కూలీకి ఆ రోజు కావలసింది ఫిట్స్‌ను ఆపి, మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించగల డాక్టరు. సర్కారు దవాఖానాలో సైకియాట్రిస్టు రోజూ చూసేది స్కిజోఫ్రీనియా, బైపోలార్, మద్యం, మూర్ఛలు, వృద్ధుల మతిమరుపు. ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే. సోఫాలో ఎదురెదురుగా కూర్చుని గంటసేపు బాధ వినే ఊహతో వచ్చినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

ఆ గంటసేపు వినడమే మీకు కావలసిందైతే, దానికి గౌరవప్రదమైన మరో దారి ఉంది. ఏ డిగ్రీ చేసినవాళ్లనైనా సైకాలజీ పీజీలో చేర్చుకునే విశ్వవిద్యాలయాలున్నాయి. ఆ తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న క్లినికల్ సైకాలజీ శిక్షణ పొందాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 క్లినికల్ సైకాలజిస్టును మానసిక ఆరోగ్య నిపుణుల్లో ఒకరిగా గుర్తించింది. వాళ్లు మందులు రాయలేరు. కానీ చికిత్సగా మాట్లాడటం, పరీక్షలతో మనసును అంచనా కట్టడం వాళ్ల విద్యే. పదేళ్ల పని నాలుగైదేళ్లలో అవుతుంది. దీన్ని డాక్టరు కాలేనివాళ్లు పట్టుకునే రెండో రకం దారిగా చూడటం మానాలి. శిక్షణ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి కనుక, ఫీజు కట్టేముందు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి. గుర్తింపు లేని సర్టిఫికెట్లు అమ్మే సంస్థలకు కొదవ లేదు.

అన్నీ తెలిసి కూడా మందూ మాటా రెండూ కావాలనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం దాదాపు 15 కోట్ల మందికి మానసిక వైద్య సాయం అవసరం. జబ్బుల్లో రకాన్ని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. పైగా మన దగ్గర రోగి ఒంటరిగా రాడు. అమ్మా, మేనమామా, అత్తగారూ వెంట వస్తారు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి కుటుంబాలను రోగుల పక్కనే ఉంచారు. జబ్బు గురించి వాళ్లకూ నేర్పి పంపారు. అప్పుల సంగతి, ఉద్యోగం పోవడం, ముసలి తల్లిదండ్రుల బాధ్యత సొంతంగా మోసిన నలభై ఏళ్ల డాక్టరు ఆ కుటుంబంతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఇలాంటివాళ్లు వైద్యంలోకి రావడం రోగులకు లాభమని నేను గట్టిగా నమ్ముతాను. బ్రిటన్‌లో డిగ్రీ ఉన్నవాళ్ల కోసం నాలుగేళ్ల వైద్య కోర్సులున్నాయి. మన దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు, దాని గురించి పెద్దగా చర్చ కూడా లేదు.

రాజీనామా చేసేముందు ఇంటర్ బయాలజీ పుస్తకాలు కొనుక్కుని ఉద్యోగం చేస్తూనే మూడు నెలలు చదివి చూడండి. బాధలో ఉన్నవాళ్ల ఫోన్లు వినే స్వచ్ఛంద సంస్థలో చేరి కొన్నాళ్లు పనిచేయండి. తెలిసిన హౌస్‌సర్జన్ ఎవరైనా ఉంటే హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలోనో విశాఖ కేజీహెచ్‌లోనో రాత్రి డ్యూటీ ఎలా గడుస్తుందో అడగండి. భార్యతోనో భర్తతోనో కూర్చుని పదేళ్ల ఇంటి ఖర్చు కాగితం మీద వేయండి. అందులో జీతం గడి ఖాళీగానే ఉంచాలి. ఎంబీబీఎస్‌లో థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి కాబట్టి, పక్కన ఉద్యోగం చేసుకుంటూ లాగుతానన్న ఆశ పెట్టుకోవద్దు.