కాశీకి బదులు కాలిఫోర్నియా

మా అమ్మ చూసే సీరియల్లో పోయిన నెల చిన్నకొడుకుని అమెరికా పంపేశారు. పై చదువుకట. అంతకుముందు మూడొందల ఎపిసోడ్లలో ఆ పిల్లాడు ఒక్కసారైనా పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. జీఆర్‌ఈ లేదు, వీసా ఇంటర్వ్యూ లేదు, బ్యాంకు లోను కోసం పొలం కాగితాలు తాకట్టు పెట్టడం లేదు. సోమవారం భోజనాల దగ్గర అన్నగారితో గొడవపడ్డాడు, బుధవారానికి విమానం ఎక్కేశాడు. "ఆ అబ్బాయికి వేరే ఛానెల్లో హీరో వేషం దొరికిందటరా, అందుకే తప్పించారు" అని అసలు సంగతి అమ్మే చెప్పింది. తెనాలిలో కూర్చున్న ఆవిడకి సీరియళ్ళ లోగుట్టు తెలిసినంతగా నాకు మా ఆఫీసు లోగుట్టు తెలియదు.

అక్కడ రాత్రి ఏడున్నర అంటే మా డాలస్‌లో ఎండాకాలం పొద్దున తొమ్మిది, చలికాలం ఎనిమిది. ఆ అరగంటలో నేను ఫోన్ చెయ్యకూడదు. ప్రకటనలు వచ్చినప్పుడు ఆవిడే చేస్తుంది, కథ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది, "ఆఁ, వచ్చేసింది" అని పెట్టేస్తుంది. అలా పదేళ్ళుగా ముక్కలు ముక్కలుగా వింటూ వచ్చిన కథల్లో నేను గమనించిన సంగతి ఒకటుంది. మనుషులు అమెరికా వెళ్తారు. అక్కడ ఏం చేస్తారో ఎవరూ చెప్పరు.

పాత కథల్లో ఈ పని కాశీది. రచయితకి ఎవరైనా అడ్డం వస్తే కాశీ పంపేవాడు. విరక్తి పుట్టిన తండ్రి, నింద మోసిన అన్నగారు, ఆస్తి తగాదాలో అలిగిన పెదనాన్న, అందరూ కాశీకే. అక్కడ ఏ సత్రంలో దిగారో, ఏం తిన్నారో, జ్వరమొస్తే ఎవరు చూశారో ఎవరికీ పట్టదు. కథకి అవసరం పడ్డ రోజున గడ్డం పెంచుకుని గుమ్మంలో నిలబడతారు. ఇప్పుడు గడ్డం బదులు చక్రాల సూట్‌కేసు వచ్చింది, కాశీ బదులు కాలిఫోర్నియా వచ్చింది. మిగతాదంతా మామూలే.

సినిమాల సంగతి కాస్త వేరు. అక్కడ విదేశాలకి వచ్చేసిన మనం హీరోలం కూడా. కానీ ఎలాంటి హీరోలం?

మన పెళ్ళిళ్ళలో కాశీయాత్ర తంతు ఉంటుంది కదా. పెళ్ళికొడుకు పావుకోళ్ళు తొడుక్కుని, గొడుగు పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. బావమరిది ఎదురొచ్చి బెల్లంముక్క పెట్టి, గడ్డం పట్టుకుని బతిమాలి, మా అక్కని చేసుకోండి బావగారూ అంటాడు. ఆయన టక్కున వెనక్కి తిరుగుతాడు. వెళ్ళే ఉద్దేశం ఉంటే కదా! ఇరవై ఏళ్ళుగా మనం టికెట్టు కొనుక్కుని చూస్తున్న విదేశీ హీరోల కథలు చాలావరకు ఈ తంతుకి రెండున్నర గంటల రూపమే. 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' (2005) కుర్రాడు లండన్ నుంచి వచ్చి అమ్మాయి అన్నగారితో పందెం కాసి పంట పండిస్తాడు. 'అత్తారింటికి దారేది' (2013) కుర్రాడు మిలాన్ నుంచి వచ్చి అత్త ఇంట్లో డ్రైవరుగా చేరతాడు. 'లీడర్' (2010) హీరో అమెరికా నుంచి వచ్చి ముఖ్యమంత్రి అవుతాడు. మిలాన్‌లో ఆ ఇంటివాళ్ళు పొద్దున్నే కాఫీ తాగుతారో టీ తాగుతారో మనకి తెలియదు. తెలియాల్సిన అవసరం కథకీ లేదు.

'ఫిదా' (2017) వీటిలో నాకు నచ్చిన సినిమా. శేఖర్ కమ్ముల బాన్సువాడ అమ్మాయిని అచ్చంగా బాన్సువాడ అమ్మాయిలా మాట్లాడించాడు. ఆ అమ్మాయికి ఊరుంది, నాన్న ఉన్నాడు, ఆ ఇద్దరినీ వదిలి రానని మొండిపట్టు ఉంది. అబ్బాయికి అమెరికాలో ఇల్లుంది, చదువుంది. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ బతుకుతున్నట్టు అనిపించదు, అతిథులు దిగినట్టుంటుంది. చివరికి వచ్చేది అబ్బాయే అని మనకి ముందే తెలుసు, ఎందుకంటే అతను వదులుకోవాల్సింది ఏమిటో సినిమా మనకి చూపించనే లేదు. చూపిస్తే అంత తేలిగ్గా రాలేడు.

ఇక 'మహర్షి' (2019). అమెరికాలో పెద్ద కంపెనీకి సీఈఓ, స్నేహితుడి కోసం ఊరొచ్చి రైతుల పక్కన నిలబడతాడు. మేం ముప్పై మందిమి కలిసి ప్రీమియర్‌కి వెళ్ళాం. ముసలి రైతు సీన్లో నా పక్కాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. ఈలలు, కాగితం ముక్కలు, అన్నీ అయ్యాయి. అర్ధరాత్రి దాటాక పార్కింగ్‌లో నిలబడి మాట్లాడుకున్నవి ఇవి: ఇంటి లోను రీఫైనాన్స్ చేస్తే ఎంత మిగులుతుంది, ఫ్రిస్కోలో బడులు మంచివా ప్లేనోలోవా. ఊరు వెళ్ళిపోదామని ఒక్కడూ అనలేదు.

తిరిగొచ్చే హీరోకి ఈల వేసేది తిరిగి వెళ్ళని మనమే. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో కూరో వదిలేసి వస్తారు. మనం ఏకంగా ఊరే వదిలేసి వచ్చాం, ఆ గుచ్చుకోవడాన్ని ఏడాదికి రెండు సినిమాలతో తీర్చుకుంటున్నాం. మన తరఫున ఆ హీరో వెళ్ళొస్తాడు. టికెట్టు డబ్బులు దక్షిణ కింద లెక్క. దర్శకులదేం తప్పు? 'బాహుబలి 2' ఒక్కటే ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఇంత గల్లాపెట్టె ఉన్నచోట గిరాకీ ఏం అడుగుతుందో అదే వండుతారు. మనం క్షమాపణ అడుగుతున్నాం, వాళ్ళు వడ్డిస్తున్నారు.

మరి అసలు అమెరికాని అమెరికాలా చూపించిన తెలుగు సినిమానే లేదా అంటే, ఉంది. దాని వయసు దాదాపు నలభై. 1987లో జంధ్యాల 'పడమటి సంధ్యారాగం' తీశారు. (అంతకు పదకొండేళ్ళ ముందే 1976లో సింగీతం శ్రీనివాసరావు 'అమెరికా అమ్మాయి' వచ్చింది. అందులో అమెరికా అమ్మాయిగా వేసిన దేవయాని ఫ్రెంచి నర్తకి. మొదట్నుంచీ మనకి అమెరికా అంటే పాస్‌పోర్టు పట్టింపు లేదన్నమాట.) 'పడమటి సంధ్యారాగం' దాదాపు మొత్తం అమెరికాలోనే తీశారు, అదీ ఒక తెలుగు ఇంటి కథగా. తండ్రి వేషం గుమ్మలూరి శాస్త్రిది, కూతురు సంధ్య విజయశాంతి. అమ్మాయి క్రిస్ అనే అమెరికన్ కుర్రాణ్ణి ఇష్టపడుతుంది, తండ్రికి గుండెలో రాయి పడుతుంది. ఆ క్రిస్ వేసిన కుర్రాడు తర్వాత థామస్ జేన్ పేరుతో హాలీవుడ్‌లో 'ది పనిషర్' (2004) హీరో అయ్యాడు.

ఆ తండ్రిని చూసి నవ్వుతాం, ఛాందసుడని విసుక్కుంటాం, కానీ తీసిపారెయ్యలేం. ఆయన అక్కడ బతుకుతున్నాడు. కాశీలో లేడు. ఆయన భయం ఆ ఇంటి గోడల మధ్య పుట్టిన భయం, ఊరి నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. హాస్యం కొన్నిచోట్ల సాగిందన్న ఫిర్యాదు నాకుంది. అయినా ఆ సినిమా అడిగిన ప్రశ్న ఈ ఏడు ఇక్కడి మా తెలుగు సంఘంలో కనీసం నాలుగిళ్ళలో భోజనాల బల్ల మీద ఉంది. ఒక ఇంట్లో అల్లుడు పెరూ నుంచి వచ్చాడు. మామగారు ఇప్పుడు అతని చేత ఆవకాయ కలిపిస్తున్నారు.

ఆ తర్వాత మనవాళ్ళు దాని దగ్గరికి వచ్చింది రెండుసార్లే అనుకుంటాను. 1998లో నగేష్ కుకునూర్ 'హైదరాబాద్ బ్లూస్', 2000లో శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్'. ఇద్దరూ అమెరికాలో చదువుకుని, ఉద్యోగాలు చేసి, చేతి డబ్బు పట్టుకెళ్ళి తీసినవాళ్ళు. 'డాలర్ డ్రీమ్స్'కి తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అయినా ఒకటి తిరిగొచ్చినవాడి కథ, ఇంకొకటి వెళ్ళబోయేవాళ్ళ కథ. మధ్యలో ఉన్న ముప్పై ఏళ్ళ కాపురం మళ్ళీ ఖాళీ.

ఈమధ్య అమెరికాలో షూటింగులు జరగట్లేదా అంటే బోలెడు జరుగుతున్నాయి. వంతెన, సముద్రం, ఎర్ర కారు. అక్కడి తెలుగువాళ్ళ ఇంటికి తాళం తీసి లోపలికి వెళ్తే బియ్యం డబ్బా ఎక్కడుంటుందో తెలియని సినిమాలు.

మూడు నాలుగేళ్ళ కింద 'మినారి' (2020) చూశాను. లీ ఐజాక్ చుంగ్ తన చిన్నతనాన్ని తీసుకుని చేసిన సినిమా, ఎక్కువ మాటలు కొరియన్‌లోనే. 1980ల్లో ఆర్కన్సాలో ఒక కొరియన్ కుటుంబం. తండ్రి కూరగాయలు పండించాలని కిందామీదా పడుతుంటాడు. కొరియా నుంచి వచ్చిన అమ్మమ్మ తనతో తెచ్చుకున్న మినారి గింజలు వాగు ఒడ్డున చల్లుతుంది. ఆ అమ్మమ్మ వేషానికి యూన్ యుజంగ్‌కి ఆస్కార్ వచ్చింది. తర్వాత మంటల్లో పంట పోతుంది. వాగు ఒడ్డున ఆ ఆకుకూర మాత్రం పచ్చగా ఉంటుంది.

సినిమా అయ్యాక నేను వెనక తలుపు తీసి మా గోంగూర మడి దగ్గర నిలబడ్డాను. మా అమ్మ గుడ్డమూటలో కట్టి ఇచ్చిన గింజలవి. ఎలా వచ్చాయో ఇక్కడ రాయను. టెక్సాస్ ఎండకి మనిషెత్తు పెరుగుతుంది, నవంబరు చలికి చస్తుంది. మా వీధిలో ఆరిళ్ళు తెలుగువాళ్ళవి, ఆరిళ్ళలోనూ గోంగూర ఉంది. జూలైలో ఒకరికొకరు సంచుల నిండా పంచుకుంటాం, తీసుకునేవాళ్ళు దొరక్క. ఇంత గోంగూరలో ఒక్క కథ కూడా లేదా? కొరియన్లకి 'మినారి' ఉంది. బెంగాలీలకి 'ది నేమ్‌సేక్' ఉంది. తమిళుల పిల్లకి నెట్‌ఫ్లిక్స్‌లో నాలుగు సీజన్ల 'నెవర్ హావ్ ఐ ఎవర్' ఉంది. మనకి వంతెన ఉంది.

నిందంతా హైదరాబాద్ మీదికి తోసెయ్యను. మన సంఘం వేడుకల్లో స్కిట్లు ఎవరు రాస్తారు? మనమే. అందులో అమెరికా మొగుడు గిన్నెలు తోముతాడు, కొత్తగా వచ్చిన అత్తగారు మైక్రోవేవ్ చూసి జడుసుకుంటుంది, పిల్లాడు "వాట్ ఈజ్ దిస్ పప్పు" అంటాడు. ఇరవై ఏళ్ళుగా అదే పిల్లాడు. మొదట్లో ఆ మాట అన్నవాడికి ఇప్పుడు పెళ్ళయింది. వచ్చి చూసే అత్తగార్లు మనకంటే బాగా ఫోను వాడుతున్నారు. మొన్న దీపావళికి నేనూ ఒక స్కిట్ రాశాను, అందులోనూ గిన్నెలున్నాయి. కొత్తది రాద్దామని కూర్చుంటే ఎవరు నొచ్చుకుంటారో అని టెన్షన్ పట్టుకుంది. మూడేళ్ళప్పుడు వచ్చిన పిల్లకి ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు వరసలోంచి జారిపోతుందే, ఆ పుట్టినరోజు కేకు కోసే సీను రాద్దామనుకున్నాను. మా ముందువరసలో అలాంటి పిల్ల తండ్రి కూర్చుంటాడు. మానేశాను.

రాయనిది ఇంకొకటి ఉంది, అది నాదే. 2021 మేలో మా నాన్న పోయారు. నా పాస్‌పోర్టులో హెచ్1బి ఉద్యోగ వీసా స్టాంపు గడువు అప్పటికే తీరిపోయింది. వెళ్తే కొత్త స్టాంపు వేయించుకుంటే తప్ప తిరిగి రాలేను, అపాయింట్‌మెంట్లు లేవు. ఇక్కడ భార్య, ఏడేళ్ళ కొడుకు, ఇంటి లోను. లాయరు "వెళ్ళొద్దని చెప్పను, వెళ్ళమనీ చెప్పలేను" అన్నాడు. ఆ రాత్రంతా సూట్‌కేసు మంచం మీద తెరిచే ఉంది. మా ఆవిడ రెండు చొక్కాలు పెట్టింది, నేను తీశాను. మళ్ళీ పెట్టింది. ఇందులో విలన్ లేడు, ఫైటు లేదు. కానీ అంత సస్పెన్సు నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

వెళ్ళలేదు. తలకొరివి మా చిన్నాన్న కొడుకు పెట్టాడు. ఫోన్ పట్టుకున్న కుర్రాడి చెయ్యి మాటిమాటికీ జారిపోయేది. అందుకని నాన్నని సాగనంపడంలో నేను చూసింది చాలావరకు మా పెరట్లో కొబ్బరిచెట్టు, దాని పైన తెల్లగా ఆకాశం.

మొన్న మంగళవారం ప్రకటనల మధ్య అమ్మ ఫోన్ చేసింది. సీరియల్లో కథ ఒక్కసారిగా ఆరేళ్ళు ముందుకి జరిపారట, చిన్నకొడుకు తిరిగొచ్చాడట. పాతవాడు ఎలాగూ దొరకడు కాబట్టి కొత్త నటుణ్ణి పెట్టారు.

"మొహం వేరు, గొంతు వేరు. గుమ్మంలోకి వచ్చి అమ్మా అన్నాడు. ఆవిడ నాన్నా అని కావలించుకుంది. ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు కూడా ఇదేమిట్రా ఇలా మారిపోయావని అడగలేదు" అంది.

"ఎలా అడుగుతారమ్మా, అడిగితే సీరియల్ ఆగిపోదూ" అన్నాను.

వీడియో కాల్లో మూలన చిన్న గడిలో నా మొహం కనిపిస్తోంది. జుట్టు ముందువైపు బాగా తగ్గింది. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని కాసేపు చూసింది.

"ఆఁ, వచ్చేసింది" అని పెట్టేసింది.