కంపైలరే తీసిన దొడ్డిదారి

జావా ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఫీల్డును (సమాచారం ఉంచే అరను) ‘ప్రైవేట్’ అని ప్రకటిస్తే అది ఆ క్లాసు (ఆ ఫీల్డు ఉన్న కోడ్ విభాగం) దాటి ఎవరికీ అందదని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో తొలి పాఠాల్లోనే చెబుతారు. 1997లో జావా 1.1 వచ్చింది మొదలు 2018 సెప్టెంబరులో జావా సాధనాల కట్ట జేడీకే 11వ వెర్షన్ విడుదలయ్యేదాకా ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఆ నియమానికి గండి కొట్టింది దాన్ని కాపాడాల్సిన కంపైలరే, అంటే మనం రాసిన సోర్సును మెషీన్ చదివే బైట్‌కోడ్‌గా మార్చే ప్రోగ్రామే.

క్లాసు లోపల క్లాసు రాసుకునే వీలు జావా 1.1తో వచ్చింది. అలాంటి రెండు క్లాసులూ ఒకదాని ప్రైవేట్ సభ్యులను, అంటే ఫీల్డులను, మెథడ్లను (పిలిస్తే పనిచేసే కోడ్ ముక్కలను), మరొకటి వాడుకోవచ్చని భాష అనుమతిస్తుంది. అయితే ప్రోగ్రామును నడిపే జావా వర్చువల్ మెషీన్‌కు ఆ చుట్టరికం తెలియదు. దాని లెక్కలో అవి వేర్వేరు ఫైళ్లలో ఉన్న రెండు పరాయి క్లాసులు కాబట్టి, ఒకటి మరొకదాని ప్రైవేట్ ఫీల్డును ముట్టుకోబోతే అడ్డుకుంటుంది. మెషీన్‌ను మార్చకుండా ఈ చిక్కును దాటించే పని కంపైలర్‌కు అప్పగించారు.

అది చేసిందేమిటో ఎవరైనా చూడవచ్చు. ‘ఖాతా’ అనే క్లాసులో ‘నిల్వ’ అనే ప్రైవేట్ ఫీల్డు పెట్టి, లోపలి క్లాసు నుంచి దాన్ని చదివేలా నాలుగు వరుసలు రాసి, జేడీకే 8తో కంపైల్ చేసి, వచ్చిన ఫైలును జావాపీ అనే పరిశీలన సాధనంతో విప్పితే, మనం రాయని ‘యాక్సెస్$000’ అనే స్టాటిక్ మెథడ్ అందులో కనిపిస్తుంది. అడిగినవారికి నిల్వ ఎంతో చెప్పడమే దాని పని. దానికి ప్రైవేట్ ముద్ర లేదు గనుక అదే ప్యాకేజీలోని (క్లాసుల సమూహంలోని) ఏ క్లాసైనా బైట్‌కోడ్‌లో దాన్ని పిలవగలదు.

మామూలు సోర్సులో ఆ పేరు రాస్తే కంపైలర్ ఒప్పుకోదు కదా అన్న సమర్థన ఒకటుంది. నాకది సరిపోదు. బైట్‌కోడ్ ఎవరి దగ్గర నుంచి వచ్చినా గుడ్డిగా నమ్మకుండా మెషీన్ తనిఖీ చేస్తుందన్న పునాది మీదే జావా తన భద్రతను కట్టుకుంది. సోర్సులో రాసిన హద్దు ఆ తనిఖీ వరకూ చేరకపోతే, ప్రోగ్రామర్ నమ్ముకున్న రక్షణ కాగితం మీదే మిగులుతుంది. దీనికి తలకిందులైన చిక్కూ ఉండేది: సోర్సులో నేరుగా రాస్తే చెల్లే ప్రైవేట్ పిలుపే రిఫ్లెక్షన్ (ప్రోగ్రాము నడుస్తుండగా పేరుతో వెతికి పిలిచే పద్ధతి) ద్వారా చేస్తే తిరస్కరణకు గురయ్యేది.

ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత జేడీకే 11, ఏ క్లాసులు ఒకే గూటివో ఫైల్లోనే నమోదు చేసే పద్ధతిని తెచ్చి, ఆ సంబంధాన్ని మెషీనే సరిచూసేలా చేసింది. దొడ్డిదారి మెథడ్ల అవసరం తీరింది. కానీ ‘ప్రైవేట్’ అని ప్రకటించిన లోపలి క్లాసు మాత్రం, ఫైల్లోకి వెళ్లేసరికి, మెషీన్ దృష్టిలో నేటికీ ప్యాకేజీ మొత్తానికి తెరిచే ఉంటోంది.