ఆర్కైవ్‌లో కొత్త తెలుగు పుస్తకం: ఫీడ్ చెప్పేదెంత, వదిలేసేదెంత

స్కాన్ చేసిన పుస్తకాలను ఉచితంగా చదవనిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో పాత తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లలో చాలామందిది ఒకటే పద్ధతి. గుర్తొచ్చినప్పుడు సైటు తెరవడం, సెర్చ్‌లో ‘తెలుగు’ అని కొట్టడం, పోయినసారి చూసినవే మళ్లీ చూసి మూసేయడం. కొత్తగా ఎక్కిన పుస్తకాలను వాటంతటవే మన దగ్గరికి చేర్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ సదుపాయం అక్కడ ఏళ్లుగా ఉంది. వాడి చూసినవాళ్లు కూడా ‘చెత్తంతా వస్తోంది, కావాల్సింది రావడం లేదు’ అని వదిలేస్తుంటారు. ఆ తప్పు చాలావరకు ఫీడ్‌ది కాదు, దానికి మనం ఇచ్చే ప్రశ్నది.

ఆర్కైవ్ అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీలో కిందికి వెళ్తే, ఫలితాలను జేసన్, సీఎస్‌వీ, ఆర్‌ఎస్‌ఎస్ వంటి రూపాల్లో తీసుకునే భాగం ఉంటుంది. ప్రశ్న గడిలో మీడియాటైప్ ‘టెక్స్ట్స్’ అనీ, లాంగ్వేజ్ ‘టెల్’ లేదా ‘తెలుగు’ అనీ రాయాలి. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఫలితాల సంఖ్య 50 పెట్టి, ఆర్‌ఎస్‌ఎస్ ఎంచుకుని, తెరుచుకున్న పేజీ చిరునామాను కాపీ చేసి ఫీడ్ రీడర్‌లో (ఫీడ్‌లను తెచ్చి చూపే యాప్‌లో) అతికిస్తే పని మొదలైనట్టే.

వరుసక్రమం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ‘డేట్’ అనేది పుస్తకం అచ్చయిన తేదీ. దాని ప్రకారం పేర్చితే నిన్న ఎక్కించిన 1925 నాటి పుస్తకం ఎక్కడో అడుగున ఉండిపోతుంది. ఫీడ్‌లో దాని ముఖం కూడా కనబడదు. మనకు కావాల్సింది ‘పబ్లిక్‌డేట్’, అంటే ఆ పుస్తకం (ఆర్కైవ్ మాటలో ‘ఐటమ్’) అక్కడ అందరికీ కనబడటం మొదలైన తేదీ. దాన్ని అవరోహణ క్రమంలో పెట్టాలి.

భాష గడి ఇంకో తలనొప్పి. పుస్తకాలు ఎక్కించేవాళ్లలో ఒకరు మూడక్షరాల కోడ్ ఇస్తారు, ఒకరు భాష పేరు పూర్తిగా రాస్తారు, ఇంకొకరు పట్టించుకోకుండా ఇంగ్లిష్ అని వదిలేస్తారు. ఒకే రూపం మీద ఫీడ్ కడితే మిగతావి జారిపోతాయి. అందుకే రెండో ఫీడ్ కావాలి: శీర్షికలోనో సబ్జెక్టులోనో తెలుగు అన్న మాట ఉండి, భాష గడిలో మాత్రం తెలుగు లేనివి. ఇందులో చెత్త ఎక్కువే వస్తుంది. మొదటి ఫీడ్‌తో కలపకుండా విడిగా ఉంచి, వారానికోసారి చూస్తే చాలు. ప్రభుత్వ స్కానింగ్ ప్రాజెక్టు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన పుస్తకాలతో మరో ఇబ్బంది: తెలుగు పేర్లు ఇంగ్లిష్ లిపిలో, ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగుతో ఉంటాయి. ‘విశ్వనాథ’లో ‘శ్వ’ను ఎస్‌తో రాసినవాళ్లూ ఉంటారు, ఎస్‌హెచ్‌తో రాసినవాళ్లూ ఉంటారు. రచయిత పేరు మీద ఫీడ్ పెట్టుకునేవాళ్లు ఈ రూపాలన్నిటినీ ‘ఆర్’ (లేదా) అనే ఇంగ్లిష్ మాటతో కలపాలి.

ఇక అందరూ మరిచిపోయే విషయం: ఫీడ్ జాబితా చాలా చిన్నది. 50 ఐటమ్‌లు పెట్టుకున్నాం, రీడర్ రోజుకోసారి చూసి వస్తోంది అనుకుందాం. ఎవరో ఒక రాత్రి 300 పుస్తకాలు గుంపుగా ఎక్కిస్తే మనకు చేరేవి చివరి 50. మిగతా 250 వచ్చినట్టే తెలియదు, ఏ హెచ్చరికా రాదు. రెండు మూడు గంటలకోసారి చూసేలా పెడితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. అంతకన్నా తరచుగా అడగడం ఆర్కైవ్ సర్వర్ మీద అనవసర భారం. ఇది సెర్చ్ నుంచి పుట్టే ఫీడ్, అడిగిన ప్రతిసారీ అక్కడ వెతుకులాట జరగాలి.

పోయినవాటిని పట్టుకోవడానికి తేదీల పరిధి ఉంది. అదే ప్రశ్నకు పబ్లిక్‌డేట్‌ను జోడించి, చదరపు బ్రాకెట్లలో మొదటి తేదీ, పెద్ద అక్షరాల్లో ‘టు’, చివరి తేదీ ఇస్తే ఆ మధ్య వచ్చినవన్నీ బయటపడతాయి. నెలకోసారి ఇలా సరిచూసుకోవడం మంచిది. ఆ తేదీలు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి. మన అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 మధ్య ఎక్కినవి ముందురోజు లెక్కలోకి వెళ్తాయి కాబట్టి ఒక రోజు వెనక నుంచి అడగాలి. 2024 అక్టోబరులో సైబర్ దాడులతో ఆర్కైవ్ కొన్ని రోజులు ఆగిపోయింది. అలాంటప్పుడు కొన్ని రీడర్లు వరుసగా ఎర్రర్ చూసి ఫీడ్‌ను పక్కన పెట్టేస్తాయి. సైటు తిరిగొచ్చినా ఫీడ్ నిద్రలోనే ఉంటుంది.

మెయిల్ సంగతికొస్తే, ప్రతి పుస్తకానికీ ఒక మెయిల్ అనేది మూడో రోజుకే విసుగు పుట్టించే ఏర్పాటు. ఫీడ్‌ను మెయిల్‌గా మార్చే బ్లాగ్‌ట్రాటర్ లాంటి సేవల్లో రోజుకోసారి డైజెస్ట్ (అన్నీ కలిపిన ఒకే మెయిల్) పెట్టుకోవచ్చు. సొంత మెషీన్‌లో ఆర్‌ఎస్‌ఎస్‌టుఈమెయిల్ అనే ప్రోగ్రామ్ నడిపేవాళ్లు తొలిసారి ‘నో-సెండ్’ ఆప్షన్‌తో నడపాలి. లేకుంటే అప్పటికే ఫీడ్‌లో ఉన్న 50 ఒక్కసారిగా ఇన్‌బాక్స్‌లో పడతాయి. జీమెయిల్ చిరునామాలో పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఒక మాట చేర్చి ఆ చిరునామానే ఈ సేవలకు ఇస్తే ఫిల్టర్ పెట్టడం తేలిక: ఇన్‌బాక్స్ దాటవేయి, లేబుల్ పెట్టు, స్పామ్‌లోకి పంపకు. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తుంది. పొడవాటి డైజెస్ట్‌లో చివరి పుస్తకాలు కనిపించకపోవడానికి కారణం అదే.

కనబడిందల్లా దానంతటదే డౌన్‌లోడ్ అయ్యేలా పెట్టుకోవాలా? వద్దనే అంటాం. ఒక్కో ఐటమ్‌లో పీడీఎఫ్‌తో పాటు పేజీ బొమ్మల జిప్ కూడా ఉండొచ్చు. అదొక్కటే వందల ఎంబీ తినేస్తుంది. ఒకే పుస్తకం నాలుగుసార్లు స్కాన్ అయి ఉండటం మామూలే. పైగా అప్‌లోడ్ అయిన తర్వాతే ఆర్కైవ్ మిగతా ఫైళ్లను తయారు చేస్తుంది. ఫీడ్ చెప్పిన వెంటనే వెళ్తే ఓసీఆర్ పాఠం (బొమ్మలోంచి గుర్తించి తీసిన అక్షరాలు) ఇంకా సిద్ధమై ఉండకపోవచ్చు. ‘ఐఏ’ అనే కమాండ్‌లైన్ పరికరానికి మనం ఎంచిన పుస్తకాల జాబితా ఇచ్చి, ఫైళ్ల పేర్లను బట్టి ఏరే గ్లాబ్ ఆప్షన్‌తో పీడీఎఫ్‌లు మాత్రమే దించమనడం మేలు. ఐటమ్‌తో వచ్చే ఫైళ్ల జాబితాలో ఎండీ5 విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్) ఉంటుంది, సగంలో తెగిన డౌన్‌లోడ్‌ను దానితో పోల్చి పట్టుకోవచ్చు.

హక్కుల ప్రశ్న కూడా ఉంది. మన చట్టంలో రచయిత బతికుండగా అచ్చయిన రచనలకు, ఆయన మరణించిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలకు ఆ అడ్డంకి లేదు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరిదాకా ఉంది. అనువాదకుల, సంపాదకుల హక్కుల లెక్క వేరు. ఫీడ్‌లో కనిపించిన లింకు నాలుగు రోజుల తర్వాత తెరుచుకోకపోతే, దాన్ని తొలగించి ఉండే అవకాశం ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఫీడ్ కట్టడం ఇంకా తేలిక. ప్రోగ్రాముల కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో ప్రాజెక్టు చిరునామా చివర ‘రిలీజెస్ డాట్ ఆటమ్’ చేర్చితే చాలు. తెలుగు వికీపీడియా డంప్ ఫైళ్లకూ (మొత్తం పాఠాన్ని దించుకునే ఫైళ్లు) ‘లేటెస్ట్’ ఫోల్డర్‌లో ఒక్కోదానికి విడి ఫీడ్ ఉంది. కానీ కొత్త వెర్షన్ రాగానే దించి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు ప్రమాదకరం. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి (బయటివాళ్లు చొరబడేలా దాచిన కోడ్) బయటపడినప్పుడు చిక్కుకున్నవి సరికొత్త వెర్షన్లను ముందుగా తీసుకున్న లినక్స్ పంపిణీలే. డెబియన్ అనే లినక్స్ పంపిణీ స్థిర విడుదలను వాడేవాళ్లకు అది చేరనే లేదు.

మధ్యలో ఉండే సేవలను మరీ నమ్ముకోకూడదు. గూగుల్ వారి ఫీడ్ రీడర్ ‘గూగుల్ రీడర్’ 2013 జులై 1న మూతపడింది. ఫీడ్‌లను మెయిల్‌కు పంపే ఫీడ్‌బర్నర్ సేవలో మెయిల్ సబ్‌స్క్రిప్షన్లు 2021లో ఆగిపోయాయి. రీడర్ నుంచి ఓపీఎంఎల్ ఫైల్ (మన ఫీడ్‌ల చిరునామాల జాబితా) అప్పుడప్పుడు ఎగుమతి చేసి, సెర్చ్ ప్రశ్నలను మామూలు టెక్స్ట్ ఫైల్‌లో విడిగా దాచుకుంటే, రేపు ఏ సేవ మూతపడినా ఇంకో చోట పావుగంటలో మళ్లీ మొదలుపెట్టవచ్చు.